ఒక సుత్తి కోసం అర్జీ

జనరల్ మేనేజర్ గారికి,
దక్షిణ మధ్య రైల్వే, రైల్ నిలయం, సికింద్రాబాద్.



ముందే చెప్పేస్తున్నాను, ఇది ఫిర్యాదు కాదు. బండి లేటయిందనో, బోగీలో నీళ్లు రాలేదనో రాస్తున్నది కాదు. మా నాయిన బతికున్నన్నాళ్లూ పింఛను నెలనెలా పడింది, ఇప్పుడు మా అమ్మకు ఫ్యామిలీ పింఛను పడుతోంది. నాకు కావలసింది ఒక సుత్తి. ఎందుకు కావాలో చెప్పబోతే ఉత్తరం ఇంత పెరిగింది. ఓపిక చేసుకుని చదవండి.

మా నాయిన మీ కీమ్యాన్. వికారాబాద్ నుంచి వాడి పోయే లైనులో ధారూరు, రుక్మాపూర్ మధ్యన ఆయన బీటు. ఉర్దూ మాట్లాడే తోటి పనివాళ్లు చాబీవాలా అని పిలిచేవాళ్లు. మొన్నటి సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, కంది కోతలు అయిపోవస్తుండగా, తాండూరులో మా ఇంట్లోనే పోయాడు. కాగితాల లెక్కన డెబ్బై ఏళ్లు. అసలు వయసు ఆయనకూ తెలియదు. జూలై ఒకటిన పుట్టినట్టు రాయించిన మేస్త్రీకైనా తెలుసో లేదో. మా దిక్కు పాత రికార్డుల్లో ఊళ్లకు ఊళ్లు జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టి ఉంటాయి.

కీమ్యాన్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఈ ఉత్తరాన్ని పేపర్లో చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను, ఎందుకంటే రోజూ తాండూరు బండి ఎక్కేవాళ్లలో కూడా నూటికి తొంభై మందికి తెలియదు. కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన ఒక్కడే మనిషి, భుజాన సుత్తి, చేతిలో పానా, చంకన ఎర్రజెండా పచ్చజెండా చుట్టిన కట్ట పెట్టుకుని నిలబడి కనిపిస్తాడు. బండి పోయేదాకా చక్రాల దిక్కు చూస్తాడు. తర్వాత నడుస్తాడు. అదీ పని. ఆరు కిలోమీటర్లు పోను, ఆరు కిలోమీటర్లు రాను. కిలోమీటరుకు సుమారు 1,660 స్లీపర్లు, ఒక్కో స్లీపరుకు నాలుగు క్లిప్పులు. ఆరు కిలోమీటర్లకు ఒక్క లైను మీదే దాదాపు 40 వేలు, రెండు లైన్లకు 80 వేలు. పోతూ ఒక లైను, వస్తూ ఇంకో లైను చూసుకోవాలి. వదులైనది కనిపిస్తే దిగగొట్టాలి, ఊడింది కనిపిస్తే పెట్టాలి.

నాయిన చేరిన కాలంలో పోత ఇనుప స్లీపర్లు ఉండేవి. పట్టాను పట్టుకుని ఉండడానికి వాటిలో ఉక్కు చాబీలు దిగగొట్టేవాళ్లు. బండ్ల అదురుకు చాబీ కదిలేది, రోజూ కొట్టాలి. తర్వాత సిమెంటు స్లీపర్లు, వంకర తిరిగిన క్లిప్పులు వచ్చాయి. చాబీలు పోయినా చాబీవాలా పేరు మిగిలింది.

ఆయన చూపుతో కంటే చెవితో ఎక్కువ పని చేసేవాడు. సుత్తితో తగిలీ తగలనట్టు ఒక్క దెబ్బ వేస్తాడు. గట్టిగా ఉన్నది ఠంగుమంటుంది. వదులైనది బద్దగా, తడిగుడ్డ మీద కొట్టినట్టు పలుకుతుంది. 'కన్ను మోసం చేస్తది, చెవి చెయ్యదు' అనేవాడు. నేను చిన్నప్పుడు ఇదేదో రైల్వేవాళ్ల పాఠం అనుకున్నాను. ఇంట్లో కూడా ఆయన చేసిందంతా ఇదేనని చాలా ఆలస్యంగా అర్థమైంది.

1976లో క్యాజువల్ కూలీగా చేరాడు. కంకర తట్టలు మోసే పని. ఆరు నెలలు పని, మూడు నెలలు ఇల్లు. ఒక అట్టకార్డు ఉండేది, దాని మీద పనిచేసిన దినాలు రాసి సంతకం పెట్టేవాళ్లు. అది వానకు తడవకుండా మా అమ్మ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం కుండలో దాచేది. 1985లో ఇంద్రపాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాజెక్టు పనుల మీద ఉన్న క్యాజువల్ కూలీలను వరసప్రకారం తీసుకోవాలని చెప్పింది. ఆ తీర్పు మా పల్లెకు ఒక పుకారులా వచ్చింది. 'ఢిల్లీ కోర్టు మనకు నౌకరి ఇచ్చిందంట' అని. నిజంగా నౌకరి అయ్యేసరికి 1988 వచ్చింది. మరో రెండేళ్లు గ్యాంగులో చేశాక కీమ్యాన్ అయ్యాడు. బియ్యం కుండలోని ఆ కార్డు అంచులు ఎలుకలు కొరికాయి గానీ దినాల లెక్క ఉన్న భాగం మిగిలింది. అది ఇప్పటికీ ఉంది.

నట్టు సంగతి ఆ కార్డు రోజుల్లోదే. నాకు ఏడెనిమిదేళ్లు. పట్టాల పక్కన కంకరలో ఒక నట్టు దొరికింది. నా పిడికిలంత ఉంది, నూనె అంటి నల్లగా మెరుస్తోంది. గోలీలాటలో దాన్ని పెద్ద గోలీగా వాడితే ఎదురు లేదు. రాత్రి నాయిన జొన్నరొట్టె తింటున్నాడు. నేను పక్కన కూర్చుని దాన్ని బొంగరంలా తిప్పుతున్నాను. చప్పుడు వినే తల తిప్పాడు. రొట్టె చేతిలోనే ఆగింది.

'ఏడ దొరికింది?'

చెప్పాను. తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి కడుక్కుని కందిలి తీసుకున్నాడు. 'నడు' అన్నాడు. రెండు కిలోమీటర్లు చీకట్లో, పట్టాల వెంట. మేస్త్రీ ఇంటికి పోయి లేపి, నట్టు నా చేతనే ఇప్పించాడు. మేస్త్రీ నిద్రమొహంతో నవ్వి, 'తుక్కు నట్టుకు ఇంత దూరం వస్తవా?' అన్నాడు. నాయిన అన్నది ఒక్క ముక్క: 'పొల్లగాడు తెచ్చిండు, మల్ల ఇచ్చిండు. రాస్కో.'

ఏం రాసుకుంటాడు పాపం మేస్త్రీ. వచ్చేటప్పుడు నాకు నిద్ర ముంచుకొస్తే ఎడమ భుజం మీద వేసుకున్నాడు. కుడి భుజం బరువులది, అక్కడ కాయ కాసి గరుకుగా ఉండేది. దీన్ని నాయిన నిజాయితీ కథగా మా స్కూలు పిల్లలకు చాలాసార్లు చెప్పాను, నేను టీచర్ని. ఈ మధ్య చెప్పేటప్పుడు ఒక మాట కలుపుతున్నాను. అందులో సగం భయం కూడా అయి ఉండాలి. క్యాజువల్ కూలీ ఇంట్లో రైల్వే నట్టు దొరికితే, ఆ కార్డు మీద దినాలు మళ్లీ పడవు. పిల్లలున్న మనిషికి అంత భయం ఉండడం తప్పేమీ కాదు.

ఆయన బీటు ఉన్న లైను సామాన్యమైంది కాదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా ఇది పడ్డాకే హైదరాబాద్ నగరం రైలు మొహం చూసింది. వికారాబాద్ పేరు పైగాహ్ వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రాది. వికారాబాద్ గట్టు మీద ఉంది, తాండూరు దిగువన ఉంది. మధ్యన నలభై కిలోమీటర్ల చిల్లర. మలుపులు, తవ్విన కట్టలు, వాగుల మీద మోరీలు. తాండూరులో దిగితే తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే నోటిలో వినిపిస్తాయి. మా నాయిన స్లీపర్లు ఉర్దూలో లెక్కపెట్టేవాడు, సేడం వైపు గ్యాంగువాళ్లతో కన్నడంలో పరాచికాలాడేవాడు, మమ్మల్ని మాత్రం తెలుగులో తిట్టేవాడు.

వానాకాలం ఆయనకు పీడకల. కొత్తగా గ్యాంగులో చేరినవాళ్లకు పాత మేస్త్రీ మూడు మాటలు చెప్పేవాడట: జనగామ, పాలమూరు, చెరువు. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వాగుకు వంతెన కొట్టుకుపోయి బండి పడింది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య మళ్లీ అదే. రెండుసార్లూ వంద మందికి పైగా పోయారు. పాలమూరు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ వద్దన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే అరియలూరులో ఇంకోటి జరిగింది, అప్పుడు ఆయన ఆగలేదు. మంత్రి సంగతి పుస్తకాల్లోకెక్కింది. ఆ రాత్రుల్లో లాంతరు పట్టుకుని కట్టల మీద తిరిగిన పెట్రోల్‌మన్ల సంగతి మేస్త్రీల నోటనే బతికింది.

మూడో మాట, చెరువు, 2005 అక్టోబరు 29న నిజమైంది. ఎగువన చెరువు తెగి వలిగొండ దగ్గర వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ బోగీలు నీళ్లలో పడ్డాయి. అక్కడా వంద మందికి పైనే. మా ఇంట్లో టీవీలో ఆ బోగీలు చూస్తూ నాయిన నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. ఆ తర్వాత వాన గట్టిగా పడిన రాత్రి, డ్యూటీ ఉన్నా లేకున్నా, ఎగువ ఊళ్లలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి చెరువు ఎంత నిండిందో కనుక్కునేవాడు. ఫోన్ బిల్లు గురించి మా అమ్మ గొణుగుడు మేం నిద్రలో వినేవాళ్లం.

ఇక 1996 డిసెంబరు సంగతి. ఇది ఇప్పటిదాకా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. రోజూ తాండూరు నుంచి పొద్దుటి ప్యాసింజర్. ఆ రోజు పరీక్ష. చలి ఎముకల్లోకి దిగుతోంది. చలికాలం తెల్లవారుజామున పట్టా బిగుసుకుంటుంది. ఎక్కడ లోపం ఉంటే అక్కడ విరుగుతుంది. రుక్మాపూర్ దాటాక, బండి కింద ఢాం, ఢాం, ఢాం అని మూడు. బ్రేకు పడింది. మా బోగీలో పాల క్యాన్ల మీద కూర్చున్నవాళ్లు ముందుకు పడ్డారు.

ఏం జరిగిందంటే, ఆరు గంటలకే బీటు మొదలుపెట్టిన నాయినకు పట్టాలో బొటనవేలు దూరేంత సందు కనిపించింది. రూలు ప్రకారం విరిగిన చోటు నుంచి 600 మీటర్ల దగ్గర, చక్రం ఎక్కితే పేలే పటాసు ఒకటి పట్టా మీద, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. బండి వచ్చేలోపు పెట్టాలి. చలిలో, కంకర మీద, బరువుతో 1,200 మీటర్లు పరుగెత్తి చూస్తే తెలుస్తుంది. ఆయన పరుగెత్తాడు. బండి ఏదో ఆయనకు తెలుసు. ఆ బండిలో నేనున్నానని తెలుసు. నాకు పరీక్ష ఉందని కూడా తెలుసు, తెల్లారగట్ట నా సద్ది కట్టించింది ఆయనే.

బండి నలభై నిమిషాలు ఆగింది. బోగీ అంతా తిట్లు. 'ఈ గ్యాంగోళ్లకు పొద్దున్నే ఏం పుట్టింది' అన్నది ఒకాయన. నేనూ ఏదో అన్నాను, ఏమన్నానో రాయను. దిగి ముందుకు నడిచి చూస్తే, మఫ్లర్ చుట్టుకుని ఎర్రజెండా పట్టుకుని మా నాయిన. నన్ను చూశాడు. దగ్గరికి రాలేదు. గ్యాంగు వచ్చి విరిగిన చోట పలకలు బిగించారు. బండిని నడకలా వదిలారు. మా బోగీ ఆయన ముందు నుంచి పోతున్నప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన పచ్చజెండా పట్టుకుని కిటికీ దిక్కు చూడలేదు. చక్రాల దిక్కు చూశాడు.

ఆ పేపరు నేను తప్పాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ నలభై నిమిషాలు దొరికినా తప్పేవాడినే, అది వేరే సంగతి. మూడోరోజు ఆయనే పక్కన కూర్చుని, 'ఫీజు ఎంత మల్ల కట్టాలె?' అని అడిగాడు. అంతకు మించి ఆ పట్టా గురించి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాట రాలేదు.

తోటి కీమ్యాన్లను ఇద్దర్ని పోగొట్టుకున్నాడు. ఒక లైను మీద బండి పోతుంటే పక్క లైను మీద వచ్చే రెండోదాని చప్పుడు వినబడదు. చెవిని నమ్ముకున్న పనిలో చెవి పనిచేయని క్షణం అదొక్కటే. ఇప్పుడు బండి వస్తుంటే కూతపెట్టి చెప్పే రక్షక్ అనే యంత్రం వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, కళ్లద్దాలు తెప్పించుకుని ఆ బొమ్మను దగ్గరగా చూశాడు. 'ఇది మొదలే ఉంటే వాళ్లిద్దరు మనుమల పెండ్లిళ్లు చూద్దురు' అన్నాడు.

2014 జూన్ 30న రిటైరయ్యాడు. తెలంగాణ వచ్చిన నెలే. మా తమ్ముడు, 'నీ నౌకరి ఆంధ్రప్రదేశ్‌ల మొదలైంది, తెలంగాణల ఐపోయింది' అంటే, 'నాది రెండు స్టేషన్ల నడుమ మొదలై అన్నే ఐపోయింది' అన్నాడు.

అక్కడి నుంచి ఆయన తాత. నిజం చెప్పాలంటే, నాయినగా ఆయన మాకు తక్కువే దొరికాడు. పొద్దున మేం లేచేసరికి లేడు, రాత్రి తిని పడుకునేవాడు. ఆ మిగిలిపోయిన బాకీ అంతా మా పిల్లలకు కట్టాడు. మాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది.

నౌకరి పోయినా బీటు పోలేదు. పొద్దున్నే లేచి ఇల్లంతా ఒక చుట్టు. గ్యాస్ రెగ్యులేటర్, పిల్లల సైకిల్ బోల్టులు, ఊయల కొక్కెం, బాత్రూం గడియ. మా ఇంట్లో పరిచింది తాండూరు బండలే, వాటిని కూడా వేలి కణుపుతో తట్టి ఏ బండ కింద బోలుగా ఉందో చెప్పేవాడు. పిల్లల్ని బడికి తీసుకుపోయే ఆటో గేటు దగ్గర ఆగగానే చక్రాల నట్లు చిన్న పానాతో తట్టి చూసేవాడు. ఆటో అబ్బాయికి మొదట్లో మంట. 'తాతా, ఇది రైలు కాదు' అనేవాడు. ఒకరోజు వెనక చక్రం నట్టు బద్దగా పలికింది. బిగించి పంపాడు, ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆ అబ్బాయి తానే ఆటో ఆపి, ఇంజన్ బంద్ చేసి, ఈయన తట్టేదాకా కూర్చునేవాడు. ఇంజన్ నడుస్తుంటే చప్పుడు సరిగ్గా వినబడదని మా నాయిన చెప్పాడట.

మనుషుల్నీ అంతే. నా బిడ్డ హైదరాబాద్ హాస్టల్లో చేరింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి తాతకు ఫోన్. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. 'తిన్నవా? మంచిది, పండుకో.' అంతే. ఒకరోజు ఫోన్ పెట్టేసి నాతో, 'పిల్ల గొంతు వదులుగుంది, పోయి చూసిరాపో' అన్నాడు. నేను నవ్వాను. ఏం లేదు నాయినా, బాగానే మాట్లాడింది కదా అన్నాను. 'మాట మంచిగనే ఉంది. చప్పుడు మంచిగ లేదు.' ఆయన పోరు పడలేక మర్నాడు పొద్దుటి బండికి పోయాను. పిల్ల నాలుగు రోజులుగా జ్వరంతో పడి ఉంది. మేం గాబరా పడతామని చెప్పలేదు. నేనూ విన్నాను ఆ గొంతు, పక్కనే ఉండి, స్పీకర్లో.

సెలవుల్లో పిల్లలందర్నీ వేసుకుని తాండూరు నుంచి వికారాబాద్ రైల్లో, అక్కడి నుంచి అనంతగిరి. ధారూరు దగ్గర ఆయన చెప్పే పాఠం ఒకటుంది. అనంతగిరికి తూర్పున పడిన చినుకు మూసీ అయి హైదరాబాద్ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమట పడిన చినుకు కాగ్నా అయి తాండూరు దాటి కర్ణాటకలో భీమాలో పడి, భీమాతో కలిసి కృష్ణకే పోతుంది. 'ఒక్క గుట్ట మీద పుట్టినయి, లొల్లి వెట్టుకున్నట్టు చెరో దిక్కు పోయినయి. ఎంత దూరం తిరిగినా కలిసేది ఒక్క నీళ్లలనే' అని పిల్లలకు చెప్పేవాడు. నేనూ మా తమ్ముడూ అప్పటికి ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు, ఒక ప్లాటు గురించి. ఇద్దరం అదే బోగీలో ఉన్నాం. పిల్లలకు చెప్తున్నాడో మాకు చెప్తున్నాడో మేం అడగలేదు.

వికారాబాద్ రాగానే గుట్ట దిక్కు తిరిగి దండం పెట్టేవాడు. అందరూ అనంతపద్మనాభ స్వామికి అనుకునేవాళ్లు. అది నిజాం కాలం నాటి క్షయ ఆస్పత్రికి. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయిన, అంటే మా తాత, రక్తం కక్కుతూ ఆ గుట్ట ఎక్కాడు. నెలల తరబడి ఉండి నడుచుకుంటూ దిగివచ్చాడు. దగ్గుతో పోవలసిన మనిషి ఇంకా ఇరవై ఏళ్లు బతికాడు. 'స్వామి గుడి ఏడికి పోతది, అన్నే ఉంటది. డాక్టర్లు మారుతరు, అందుకే దవాఖానకు పెడుతున్న' అనేవాడు.

మా బిడ్డ ఒకసారి లెక్క కట్టింది. రోజుకు పన్నెండు కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు, 24 ఏళ్లు. 86,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేలు. 'తాతా, నువ్వు భూమి చుట్టూ రెండుసార్లకంటే ఎక్కువే తిరిగినవ్' అని ఎగిరింది. ఆయన కందికాయలు ఒలుస్తున్నాడు. ఒక్కటి నోట్లో వేసుకుని, 'భూమి చుట్టు తిరిగినోడు పొద్దుమీకి ఇంటికొస్తడా? నేను దినాము వచ్చిన' అన్నాడు.

ఎకరన్నర చెల్క ఉంది మాకు, కంది వేస్తాం. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా సంబరం. కింద సున్నపురాయి, మీద నల్లరేగడి, అందుకే పప్పుకు ఆ రుచి అని రాశారు. నాయిన అది విని, ఆ సున్నపురాయినే జీవితమంతా వ్యాగన్లలో పోతుంటే చూశానని నవ్వాడు. ఈ జనవరిలో కోతకు కూడా వచ్చాడు. గట్టున కూర్చుని, లైను మీద పోయే బండ్ల చప్పుడు విని ఏది గూడ్సు, ఏది ప్యాసింజరు, ఏ చక్రం చదునైందో చెప్పాడు. తర్వాత అయిదు రోజులకు, నిద్రలో.

పదకొండో రోజు పాత గ్యాంగువాళ్లు వచ్చారు. నవాంద్గి నుంచి, సేడం నుంచి, ఒకాయన చిత్తాపూర్ నుంచి కర్ర పట్టుకుని. తిన్నాక మా అబ్బాయి ఒక కట్టె తెచ్చి వాళ్లకు చూపించాడు.

ఈ కట్టె సంగతే నా అర్జీకి మూలం. రిటైరయిన రోజు నాయిన సామాను అప్పజెప్పాడు. సుత్తి ఒకటి, పానా ఒకటి, జెండాలు, లాంతరు, వాడని పటాసులు. ఒక్కోటి చూసుకుని సంతకం తీసుకున్నారు. సుత్తి దగ్గర ఆయన ఆగాడు. ఇనుము రైల్వేది, కట్టె ఆయనది. రైల్వే ఇచ్చిన కట్టె ఎప్పుడో విరిగితే, మా చెల్క గట్టు మీది తుమ్మకొమ్మ నరికి, చెక్కి, ఆముదం రాసి తాను వేసుకున్నది. ఆ సంగతి చెప్పి, అక్కడే ఇనుమును ఊడదీసి ఇచ్చి, కట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. చేతిపట్టు దగ్గర అరిగి నల్లబడి, అద్దంలా ఉంటుంది. పదేళ్లు అది మా అబ్బాయి క్రికెట్లో వికెట్‌గా నిలబడింది. ఇప్పుడు వాడు దాన్ని వికెట్‌గా పెట్టనివ్వడం లేదు.

'తాత సుత్తి ఏది?' అని వాడు ఆ రోజు అందరి ముందర అడిగాడు. చిత్తాపూర్ పెద్దాయన, 'నేను పాతదొకటి తెప్పిస్త బిడ్డా, మా అల్లుడు గ్యాంగులనే ఉన్నడు' అన్నాడు. తెప్పించగలడు. ఎవరూ అడగరు, ఎవరికీ నష్టం లేదు. మా అమ్మ మొహం చూశాను. తల అడ్డంగా ఊపింది. నట్టు కోసం నాయిన కందిలి పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచింది ఆమెకూ గుర్తుంది. అందుకే చాటున కాక, నలుగురూ చదివేలా అడుగుతున్నాను.

మీరు తుక్కును టన్నుల్లెక్కన ఈ-వేలంలో అమ్ముతారని తెలుసు. నాకు రెండు కిలోలకు అటూ ఇటూ చాలు. పనికిరాదని పక్కన పడేసిన కీమ్యాన్ సుత్తి ఒకటి, మొహం అరిగిపోయినా, అంచు పగిలినా పరవాలేదు. ఆయన చేతిలోదే కావాలని అడగడం లేదు, అది ఎవరి భుజం మీద ఉందో, ఎప్పుడో కరిగిపోయిందో. ఏ స్టోరుకు రమ్మంటే ఆ స్టోరుకు వస్తాను. తూకం వేసి, ఆనాటి ధర కట్టించుకుని రశీదు ఇప్పించండి. రశీదు లేకుండా మాత్రం మా ఇంట్లోకి రానివ్వరు.

ఇనుము ఒక్కటే ఇప్పించండి. కట్టె మా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ కీమ్యాన్ కొడుకు,
తాండూరు.